కంప్యూటర్ షాపుకీ చీటీ రాసుకునే వెళదాం!

పచారీ కొట్టుకి మనలో ఎవరమైనా చేతులూపుకుంటూ వెళతామా? డబ్బాల మూతలు తీసి చూసుకుంటాం. కందిపప్పు ఎంతుంది, చింతపండు ఎన్నాళ్లొస్తుంది అని లెక్క వేసుకుని చీటీ రాసుకుని మరీ వెళతాం. లైనింగు గుడ్డ కావాలంటే చీర సంచిలో పెట్టుకుని వెళ్లి, పక్కన పెట్టి చూసుకుని కోయించుకుంటాం. కుక్కరు గాస్కెట్ పోతే పాతది పట్టుకెళ్లి "సరిగ్గా ఇదే సైజు ఇవ్వండి" అంటాం. అలాంటి మనమే, అంతకు వంద రెట్లు ఖర్చయ్యే కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి "బాబూ, మాది బాగా స్లో అయిపోయింది, ఏదో ఒకటి చేసిపెట్టు" అనేసి, పర్సు తీసి నిలబడతాం. నాకు మింగుడు పడనిది ఇదే.

నేను కంప్యూటర్ ఇంజనీరుని కాను. జి.కొండూరులో మా ఇంటి ముందు గదిలో ఒక కంప్యూటరూ, ఒక ప్రింటరూ పెట్టుకుని దరఖాస్తులు నింపడం, శుభలేఖలు కంపోజ్ చేయడం, పొదుపు సంఘాల లెక్కలు టైపు కొట్టడం... ఇదే నా పని. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు చాలామంది తమ ఇంట్లో కంప్యూటర్ సంగతి కూడా చెబుతుంటారు. అందరి కథా ఒక్కలాగే మొదలవుతుంది. "ఆన్ చేస్తే పది నిమిషాలు తిరుగుతూనే ఉంటుందండీ. పాతదైపోయింది, కొత్తది కొనాలంటున్నారు." నేను వెంటనే ఒక ప్రశ్న వేస్తాను. "లోపల ఏముందో తెలుసా?" దానికి మాత్రం జవాబుండదు. మా వారికి తెలుసు అంటారు, లేదా మా అబ్బాయికి తెలుసు అంటారు. వాళ్లని అడిగితే వాళ్లకీ తెలియదు!

కంప్యూటర్ అనేది ఒక వస్తువు కాదు, నాలుగైదు వస్తువుల కాపురం. మన పక్కనే కొండపల్లి ఉంది. అక్కడ బొమ్మలెలా చేస్తారో మనకి తెలిసిందే కదా! తెల్లపొణికి కర్రతో తల విడిగా, చేతులు విడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపి చేసిన మక్కుతో అతికిస్తారు. చిన్న సందున్నా మక్కు పూడ్చేస్తుంది. కంప్యూటర్‌లో ఆ మక్కు లేదు. ఒక ముక్క ఇంకో ముక్కతో కలిస్తే కలిసినట్టు, లేదంటే లేదు. సర్దుకుపోవడమనేది దానికి తెలియదు. అందుకే కొనే ముందే కలుస్తుందో లేదో తెలుసుకోవాలి.

మా ఊళ్లోనే కంప్యూటర్ వర్కు జాకెట్లు చేసే ఒకావిడ ఉంది. ఎంబ్రాయిడరీ మిషన్‌కి డిజైన్లు సిద్ధం చేసుకోవడానికి ఒక పాత కంప్యూటర్ వాడేది. పెళ్లిళ్ల సీజనులో అది మొరాయించడం మొదలెట్టింది. పొదుపు సంఘంలో అయిదు వేలు అప్పు తీసుకుంది. ఫోన్లో చెబితే ఒక షాపువాళ్లు 8 జి.బి. ర్యామ్ ముక్కని బస్సు పార్సిల్‌లో పంపించారు. ఇంట్లో పెట్టబోతే ఎక్కలేదు. వాళ్లు పంపింది డి.డి.ఆర్.4, ఆవిడ బోర్డు డి.డి.ఆర్.3. వెనక్కి తీసుకోమంటే "సీలు విప్పాక తీసుకోమమ్మా, బోర్డు మార్చుకోండి, అప్పుడు ఇది పనికొస్తుంది" అన్నారు. బోర్డు మారిస్తే పాత ప్రాసెసర్ దానికి కూర్చోదు కాబట్టి ప్రాసెసరూ కొత్తది కావాలి. ఆ రెండింటికీ పాత ఎస్.ఎం.పి.ఎస్. సరిపోదన్నారు. చివరికి అయిదు వేల పని ఇరవై ఒక్క వేలకి తేలింది. ఇంతా చేసి హార్డ్ డిస్కు పాతదే ఉంచారు కాబట్టి ఆన్ కావడానికి పట్టే టైము పెద్దగా తగ్గలేదు! చెప్పులు కొనబోయి చెప్పులకి సరిపోయేలా కాళ్లు మార్చుకున్నట్టు లేదూ ఈ వ్యవహారం? ఆ అప్పు తీర్చడానికి ఆవిడ ఎన్ని రాత్రులు మిషన్ ముందు కూర్చుందో నాకు తెలుసు.

ఆ మొదటి ఫోనుకి ముందు ఒక కాగితం మీద నాలుగు పంక్తులు రాసి ఉంటే ఇదంతా జరిగేది కాదు. ఆ నాలుగు పంక్తుల గురించే నా గోలంతా.

చీటీలో ఏం రాయాలి?

దీనికి పెట్టె విప్పక్కర్లేదు, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. మీ కంప్యూటర్‌లో విండోస్ 10 గానీ, 11 గానీ ఉంటే కీబోర్డు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ అనే కిటికీ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అని ఉన్నచోట నొక్కితే ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంతుంది, దాని వేగం ఎంత, ర్యామ్ పెట్టే గళ్లు ఎన్ని, వాటిలో ఎన్ని నిండాయి, డిస్కు ఏ రకం అన్నీ కనిపిస్తాయి. చూసి రాసుకోవడమే. ఇక మదర్‌బోర్డు పేరు కావాలి. సి.పి.యు.-జెడ్ అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాం ఉంది, అది బోర్డు మోడల్ నంబరుతో సహా చెబుతుంది. ర్యామ్ డి.డి.ఆర్.3నా, 4నా అన్నది కూడా అందులోనే తెలుస్తుంది.

ప్రాసెసర్ పేరులోనే దాని వయసు ఉంటుంది. ఇంటెల్ ఐ3-3220 అని ఉందనుకోండి. అడ్డగీత తర్వాత మొదటి అంకె 3, అంటే మూడో తరం. 2012లో వచ్చింది. ఐ5-8400 అంటే ఎనిమిదో తరం, 2017 నాటిది. ఐ5-10400 అంటే పదో తరం, 2020 నాటిది. ఆడపిల్ల వయసు అడక్కూడదంటారు గానీ, ప్రాసెసర్ వయసు మాత్రం తప్పకుండా అడగాలి! ఎందుకంటే ఏ తరానికి ఏ బోర్డు, ఏ ర్యామ్ అన్నది దాన్ని బట్టే ఉంటుంది.

రెండు, మూడు తరాల ఇంటెల్ ప్రాసెసర్లు కూర్చునే సాకెట్ పేరు 1155. నాలుగో తరానిది 1150. ఆ అంకెలు ఊరికే పెట్టినవి కావు, అవి కరెంటు, కబురు మోసే బిందువుల లెక్క. తేడా అయిదే కదా అని ఒకదాన్ని ఇంకోదాంట్లో పెట్టడం కుదరదు. ఇంకా చిత్రం ఏమిటంటే ఆరు, ఏడు తరాలకీ, ఎనిమిది, తొమ్మిది తరాలకీ సాకెట్ పేరు ఒకటే, 1151. చూడ్డానికీ ఒకలాగే ఉంటాయి. అయినా ఎనిమిదో తరం ప్రాసెసర్‌ని ఆరో తరం నాటి బోర్డులో పెడితే పనిచేయదు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన ఒక ఇంటివాళ్లవుతారా? ఇదీ అంతే. ఎ.ఎం.డి. రకంలో 2017 నుంచి వచ్చిన రైజెన్‌లకి ఎ.ఎం.4 అనే ఒకే సాకెట్ చాలా ఏళ్లు నడిచింది. అక్కడ కొంత వెసులుబాటు ఉంది. కానీ పాత బోర్డుకి కొత్త ప్రాసెసర్ పెట్టాలంటే ముందు బయాస్ అప్‌డేట్ చేయించాలి. అది చేయకుండా పెడితే తెర మీద ఏమీ రాదు.

ర్యామ్ సంగతి ఇంకా తేలిక. డి.డి.ఆర్.3, 4, 5 మూడింటికీ గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది. కరెంటు కూడా వేరు. మూడోది 1.5 వోల్టులు, నాలుగోది 1.2, అయిదోది 1.1. బలవంతంగా నొక్కినా ఎక్కదు, నొక్కకూడదు కూడా. మొత్తం మీద 2015కి ముందు కొన్న ఇంటి కంప్యూటర్లలో ఎక్కువ భాగం డి.డి.ఆర్.3వే. ఇందులో ఒక కిటుకు ఉంది, జాగ్రత్త! ఆన్‌లైన్‌లో 8 జి.బి. డి.డి.ఆర్.3 ముక్కలు మరీ చవగ్గా కనిపిస్తాయి. కింద చిన్న అక్షరాల్లో 'ఎ.ఎం.డి. బోర్డులకి మాత్రమే' అని ఉంటుంది. ఇంటెల్ బోర్డులో అవి పనిచేయవు. చవక అని కొన్నది సంచిలోనే ఉండిపోతుంది. ఇంకొకటి, మీ విండోస్ 32 బిట్ రకమైతే 4 జి.బి.కి మించి ఎంత ర్యామ్ పెట్టినా వాడుకోలేదు. ముందు 64 బిట్ వేయించుకోవాలి.

ముందు ఏది, తర్వాత ఏది?

చేతిలో ఉన్నది మూడు వేలో, అయిదు వేలో అయినప్పుడు ఏది ముందు మార్చాలన్నదే అసలు ప్రశ్న. నన్నడిగితే ముందు డిస్కు. పాత హార్డ్ డిస్కులో పళ్లెం లాంటిది నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంటుంది. దాని మీద ఒక సూది అటూ ఇటూ పరుగెత్తి కావలసింది వెతికి తెస్తుంది. అటక మీద ఎక్కడో ఉన్న డబ్బా కోసం ప్రతిసారీ నిచ్చెనెక్కినట్టన్నమాట. ఎస్.ఎస్.డి.లో తిరిగేదేదీ లేదు. అన్నీ చేతికందే అలమరలో ఉన్నట్టే. పాత బోర్డుకి 2.5 అంగుళాల సాటా ఎస్.ఎస్.డి. అడగాలి. చిన్న బిళ్లలా ఉండే ఎం.2 రకం చూపించి "ఇది ఇంకా ఫాస్టండీ" అంటారు. నిజమే, కానీ పాత బోర్డుకి ఆ గాడే ఉండదు. ఉన్న బోర్డుల్లో కూడా కొన్ని సాటా ఎం.2నే తీసుకుంటాయి, కొన్ని ఎన్.వి.ఎం.ఇ. తీసుకుంటాయి. రెండూ చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. బోర్డు మోడల్ చెప్పి అడిగితే తికమక ఉండదు.

డిస్కు తర్వాత ర్యామ్. ర్యామ్ అంటే వంటగట్టు అనుకోండి. గట్టు ఇరుకైతే ఒక గిన్నె దింపితే గానీ ఇంకోటి పెట్టలేం. 4 జి.బి. ఉంటే 8 చేసుకోవడం మన పనులకి చాలు. ప్రాసెసర్ వంటమనిషి. గట్టు ఇరుగ్గా ఉండి, సరుకులు అటక మీద ఉంటే ఎంత చురుకైన వంటమనిషిని పెట్టినా ఏం లాభం? అందుకే దాన్ని మార్చడం ఆఖరు మాట. ఇక గ్రాఫిక్స్ కార్డు అంటారు. పిల్లల చదువుకీ, లెక్కలకీ, టైపింగుకీ అది అక్కర్లేదు. ఆటల కోసమే అయితే ఆటల కోసమే అని ఇంట్లో చెప్పి కొనమనండి. చదువు పేరు పెట్టొద్దనండి.

నా కంప్యూటర్‌దీ మూడో తరమే, 1155 బోర్డు. 2025 జూన్‌లో దానికి 256 జి.బి. ఎస్.ఎస్.డి., వాడిన డి.డి.ఆర్.3 ర్యామ్ 4 జి.బి. ముక్క ఒకటి వేయించాను. కూలితో కలిపి మూడు వేలు దాటలేదు. బోర్డు పాతది కాబట్టి ఎస్.ఎస్.డి. పూర్తి వేగం రాదు. అయినా స్విచ్చి వేసి పొయ్యి మీద పాలు పెట్టి వచ్చేలోపు సిద్ధంగా ఉంటోంది. నాకు అంతకంటే ఏం కావాలి?

అయితే ఒక్కమాట. 2025 ఆఖరు నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం ప్రపంచమంతా కడుతున్న పెద్ద పెద్ద డేటా సెంటర్లకే తయారీదార్లు ఎక్కువ సరుకు మళ్లించడం దీనికి కారణం. అమెరికాలోని మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబరులో, మనలాంటివాళ్లు కొనే క్రూషియల్ ర్యామ్, ఎస్.ఎస్.డి.ల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఎక్కడో అమెరికాలో తీసుకున్న నిర్ణయం జగ్గయ్యపేటలో ట్యూషన్ చెప్పుకునే అమ్మాయి పర్సు మీద పడుతోంది. కాబట్టి కిందటేడు ధర పట్టుకుని బయల్దేరకండి. చీటీ చూసి ఫోన్లో ఇద్దరు ముగ్గుర్ని అడిగి వెళ్లండి.

ఎక్కడ ఆగాలి?

పాతదాన్ని పట్టుకుని వేలాడమని నేను అనడం లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటి వాడకందార్లు నమోదు చేసుకుంటే రక్షణ సవరణలు 2026 అక్టోబరు 13 దాకా ఇస్తామంది. విండోస్ 11కి కంపెనీ ఒప్పుకునే ఇంటెల్ ప్రాసెసర్లు, ఒకటీ అరా తప్ప, ఎనిమిదో తరం నుంచి మొదలు. టి.పి.ఎం. 2.0 అనే రక్షణ ఏర్పాటు కూడా ఉండాలి. అంతకంటే పాతవాటిలో కూడా దొడ్డిదారిన వేసిపెడతామని కొందరంటారు. వేస్తారు కూడా. కానీ దానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ కంపెనీ ఇవ్వదు. బ్యాంకు పనులు, సంఘం డబ్బు లెక్కలు చేసే కంప్యూటర్‌కి అది మంచిది కాదని నా అభిప్రాయం. అంత పాతదైతే ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకుని పిల్లల చదువుకీ, టైపింగుకీ వాడుకోవచ్చు.

నేను పెట్టుకున్న గీత ఇది. ఎనిమిదో తరమో, ఆ పైదో ఉన్న వాడిన ఆఫీసు కంప్యూటర్, వారంటీతో ఎంతకి దొరుకుతుందో ముందు కనుక్కోవాలి. మన పాతదాని మీద పెట్టే ఖర్చు అందులో సగం దాటుతుందంటే అక్కడితో ఆగిపోవాలి. కంపెనీల్లో వాడి తీసేసిన కంప్యూటర్లు బాగుచేసి అమ్మేవాళ్లు విజయవాడలోనూ ఉన్నారు. హైదరాబాద్ వెళ్లే పనుంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, సి.టి.సి. అంటే ఎవరైనా చెబుతారు. కాకపోతే ఆ బ్రాండెడ్ ఆఫీసు కంప్యూటర్లు కొన్నిటికి ఎస్.ఎం.పి.ఎస్. ఆకారమూ, తీగల కొసలూ వేరుగా ఉంటాయి. రేపు అది పోతే బజార్లో దొరికే మామూలుది పట్టదు. ఆ ముక్క దొరుకుతుందా లేదా అని కొనేటప్పుడే అడగండి.

బోర్డు మార్చక తప్పకపోతే బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ ఒక్క షాపులో, ఒక్క బిల్లులో, కలిపి పనిచేయించి చూపించమని తీసుకోండి. విడివిడిగా తెస్తే, పనిచేయనప్పుడు తప్పు నాది కాదంటే నాది కాదని ముగ్గురూ చేతులు దులుపుకుంటారు. పన్నెండో తరం నుంచి ఇంటెల్ బోర్డుల్లో డి.డి.ఆర్.4వి వేరు, 5వి వేరు. ప్రాసెసర్ ఒకటే అయినా బోర్డుని బట్టి ర్యామ్ మారుతుంది. ఏది చౌకో లెక్క వేసుకుని బోర్డు ఎంచుకోవాలి.

పాత సామాన్లని కూడా చీటీలో చేర్చాలి సుమా! మానిటర్ వెనక నీలం రంగు వి.జి.ఎ. కేబుల్ ఉందా? కొత్త బోర్డుకి ఆ రంధ్రం ఉందో లేదో అడగండి. పాత ప్రింటర్ వెడల్పాటి పారలల్ కేబుల్‌తో నడిచేదైతే ఇప్పటి బోర్డులకి ఆ రంధ్రం దాదాపు ఉండదు. నాలాగా శుభలేఖలు కంపోజ్ చేసేవాళ్లు ఇంకా అను ఫాంట్లూ, పేజ్‌మేకరూ వాడుతున్నారు. పేజ్‌మేకర్ ఆఖరి రకం 7, అది 2001లో వచ్చింది. పాతికేళ్ల నాటి ప్రోగ్రాం కొత్త విండోస్‌లో నడుస్తుందో లేదో నడిపించి చూశాకే డబ్బివ్వాలి. ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లకీ ఇదే మాట.

ఎస్.ఎం.పి.ఎస్. గురించి ఎవరూ పట్టించుకోరు. ఇబ్రహీంపట్నంలో అంత పెద్ద థర్మల్ కేంద్రం పెట్టుకుని కూడా మా వీధిలో సాయంత్రమయ్యేసరికి వోల్టేజి ఊగుతుంది. దీపం కింద చీకటంటే ఇదే కాబోలు! దానికి తోడు క్వారీ లారీల దుమ్ము. పైన 450 వాట్లని అచ్చువేసి లోపల అందులో సగం కూడా ఇవ్వని నాసిరకం పెట్టెలు బజార్లో ఉన్నాయి. అది పోతూ పోతూ బోర్డునీ, డిస్కునీ కూడా తీసుకుపోగలదు. అన్నిట్లో పొదుపు చేయండి గానీ ఇక్కడ మాత్రం చేయకండి.

"ఆడవాళ్లకెందుకు ఇదంతా?"

ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. షాపులో ప్రశ్న అడిగేది నేను, జవాబు చెప్పేది మాత్రం పక్కన నిలబడ్డ మా వారికి. ఆయనకి కంప్యూటర్ ఆన్ చేయడం కూడా రాదు మహానుభావుడికి! ఇది ఒక్క షాపు అలవాటు కాదు, ఇళ్లలో కూడా అంతే. అబ్బాయి అడిగితే "టెక్నాలజీ తెలిసినవాడు" అని ఇరవై వేలు బయటికొస్తాయి. అమ్మాయి అడిగితే "ఫోను ఉందిగా" అంటారు. ఫోన్లో పాఠం వినొచ్చు, కానీ ఇంజనీరింగ్ ప్రవేశపరీక్ష కంప్యూటర్ ముందే కూర్చుని రాయాలి కదా! మౌస్ పట్టుకోవడమే కొత్తయిన పిల్ల ఆ మూడు గంటలూ ఏం చేస్తుంది? పెట్టెలో ఏముందో మనకి తెలిస్తే, మూడు వేలతో బాగయ్యే పాత కంప్యూటర్ ఆ పిల్ల బల్ల మీదికి వస్తుంది. తెలియకపోతే ఇరవై వేలు లేవన్న మాట దగ్గరే ఆగిపోతుంది. నా బాధంతా ఇదే. అజ్ఞానం ఖరీదు ఎక్కువగా కట్టేది ఇంట్లో ఆఖరి వరసలో ఉన్నవాళ్లే.

ఇలా అన్నానని షాపులవాళ్లందరినీ దొంగలనడం లేదు. ముక్క మీద వాళ్లకి మిగిలేది పెద్దగా ఉండదు. "స్లోగా ఉంది" అన్న ఒక్క మాట పట్టుకుని జబ్బు ఊహించి మందివ్వమంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? చీటీ పట్టుకెళ్లినప్పుడు మర్యాద మారడం నేను చూశాను. "మేడమ్‌కి తెలుసురా" అని లోపల ఉన్న మంచి ముక్క తీసి చూపిస్తారు. నిజాయితీగా పనిచేసే మెకానిక్ కుర్రాడు దొరికితే కూలి దగ్గర బేరమాడకండి.

బిల్లు మాత్రం వదలకండి. కంప్యూటర్ విడిభాగాల మీద జి.ఎస్.టి. 18 శాతం. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అన్నప్పుడు మనం ఆశపడతాం. తగ్గేది పన్ను ఒక్కటే కాదు, వారంటీ అడగడానికి చేతిలో ఉండాల్సిన కాగితం కూడా పోతుంది. ఎస్.ఎస్.డి.లకి మూడేళ్ల వారంటీ మామూలే. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. "మీ బోర్డు మోడల్ ఫలానా, దానికి సరిపోయేది" అని కూడా రాయించుకోండి. ఆ ఒక్క వాక్యం ఉంటే తర్వాత మాట మార్చడం కష్టం. మాట మారిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నచోటే కేసు వేయనక్కర్లేదు. మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, అయిదు లక్షల లోపు కొనుగోళ్లకి ఫీజు కూడా లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. పాత హార్డ్ డిస్కు షాపులో వదిలి రాకండి. అందులో మన ఫోటోలుంటాయి, పిల్లల సర్టిఫికెట్లుంటాయి, బ్యాంకు కాగితాలుంటాయి. చెరిపేశామన్నా మళ్లీ బయటికి తీయడం చాలాసార్లు సాధ్యమే. పనిచేస్తుంటే రెండో డిస్కుగా అందులోనే బిగించమనండి, లేకపోతే సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకోండి. బీరువా తాళాలు పరాయివాళ్ల చేతిలో పెట్టం కదా!

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బుల్లేవు. నందిగామ నుంచైనా, మా ఊరి నుంచైనా విజయవాడ వెళ్లి రావడం తేలికే అనిపిస్తుంది. కానీ పనికిరాని ముక్క తెచ్చి మళ్లీ మార్చడానికి వెళితే పోయే పూట పని ఎవరిస్తారు? జాకెట్లు కుట్టే ఆమెకి, ట్యూషన్ చెప్పే ఆమెకి పూట అంటే కూలి డబ్బులే.

అందుకే మా పొదుపు సంఘంలో ఒక ఆలోచన చెప్పాను. సభ్యుల ఇళ్లలో ఉన్న కంప్యూటర్ల వివరాలన్నీ ఒక నోటుబుక్కులో రాసి పెడదామని. ఎవరి బోర్డు ఏది, ఎవరి ర్యామ్ ఏ రకం, ఎవరింట్లో తీసేసిన ముక్కలు పడి ఉన్నాయి అని. ఒకరు కొత్తది కొంటే వాళ్ల పాత డి.డి.ఆర్.3 ముక్క సొరుగులో బూజు పట్టి ఉంటుంది. అదే ముక్క కోసం పక్క వీధి పిల్ల తల్లి వెయ్యి రూపాయలు ఎలా సర్దాలా అని చూస్తుంటుంది. ఇడ్లీ పిండి గిన్నెలే ఇచ్చిపుచ్చుకునేవాళ్లం, ఇది ఇచ్చిపుచ్చుకోలేమా? పదకొండు ఇళ్ల వివరాలు ఇప్పటికి ఎక్కాయి. అందులో ఆరు డి.డి.ఆర్.3వే. ముగ్గురి దగ్గర వాడకుండా ఉన్న ముక్కలు తేలాయి.

మీ ఊళ్లో కూడా ఆ పుస్తకం మొదలుపెట్టి చూడండి. మొదటి పేజీలో మీ ఇంటి కంప్యూటర్ వివరాలు, మీ చేత్తో మీరే రాయండి.